ఊయల భారమెవ్వరిది?

తెలుగు కుటుంబమున జన్మించి, 18 ఏండ్ల ప్రాయమున నెలల పసిబిడ్డ చేతనుండగా భర్తను గోల్పోయిన ఎ. లలిత, ఆ దుఃఖమునకు క్రుంగిపోక మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1943లో విద్యుత్ ఇంజనీరింగు పట్టమునంది, దేశమునందలి తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరుగా నిలిచిన వృత్తాంతమును మనము సగర్వముగా చెప్పుకొనుచుందుము. కాని ఆ వృత్తాంతమున అంతగా పేర్కొనబడని మరియొక స్త్రీ కలదు. లలిత కలకత్తాలో కొలువుచేయుచు, భాక్రా నంగల్ పథకమునకు సంబంధించిన విద్యుత్ పనులలో నిమగ్నురాలైయున్న పగళ్ళలో ఆమె కూతును కనిపెట్టి సాకినది సోదరుని ఇల్లాలు. స్త్రీకి పట్టమెంత ముఖ్యమో, ఆమె కొలువుననున్నపుడు ఇంట బిడ్డను చూచుకొను దిక్కును అంత ముఖ్యమని దీనివలన విశదమగుచున్నది.

ఆ దిక్కు నేడెందరికున్నది? శ్రీకాకుళమునుండియో పాలమూరునుండియో వచ్చిన దంపతులు హైదరాబాదున రెండు గదుల యింట కాపురము చేయుచున్న ఈ కాలమున, బిడ్డకు జ్వరము తగిలిననాడు సెలవు పెట్టునది చాలవరకు తల్లియే. అమెరికాలోని కూతునకు కాన్పైనచో అమ్మ ఆర్నెల్లు, అత్తగారు ఆర్నెల్లు వంతులు వేసికొని విమానమెక్కుటయు మనమెరిగినదే. ఉద్యోగిని జీతము వెనుక జీతములేని వృద్ధస్త్రీల శ్రమ దాగియున్నది. అదియు లభింపనినాడు రాజీనామా వ్రాయవలసివచ్చునది తండ్రికి కాదు.

2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము, వేతనముతో కూడిన సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచి, 50 మందికి తక్కువగాకుండ పనివారుగల సంస్థలు శిశుసంరక్షణ కేంద్రమును ఏర్పరుపవలెనని, తల్లి దినమునకు నాలుగు మారులు బిడ్డను చూచిరావచ్చునని విధించినది. ఇది కొనియాడదగిన మేలు. అయినను ఇందు రెండు లోపములు కలవు. మొదటిది, ఆ వేతనభారము యజమానిపైననే పడుట, అందుచేతనే చిన్న కార్యాలయముల ఇంటర్వ్యూలలో "పెండ్లియైనదా? పిల్లలెందరు?" అని ఆడపిల్లను అడుగుదురు గాని ఆమె ప్రక్క కుర్చీలోని యువకుని అడుగరు. రెండవది, బిడ్డను చూచివచ్చు హక్కు తల్లికే గాని తండ్రికి లేకుండుట. కేంద్రప్రభుత్వ పురుషోద్యోగులకు 15 దినముల పితృత్వపు సెలవున్నను, ప్రైవేటు కొలువులలోని తండ్రులకు చట్టమట్టి హక్కునొసగలేదు.

మార్గము మనకు తెలియనిది కాదు. నెలకు 21,000 రూపాయలకు మించని వేతనముతో ఇ.ఎస్.ఐ. పరిధిలోనున్న స్త్రీలకు, యజమానులును ఉద్యోగులును చెల్లించు చందాలవలన నేర్పడిన నిధియే ప్రసూతి వేతనము నిచ్చుచున్నది. ఈ పద్ధతిని ప్రభుత్వపు వాటాతో ఉద్యోగినులకెల్లరకును విస్తరింపజేసినచో, స్త్రీని కొలువున చేర్చుకొనుట నష్టమను శంకకు తావుండదు. విజయవాడ బీసెంట్ రోడ్డు వంటి వర్తకవీథులలో పదేసిమంది పనిచేయు బట్టలకొట్లన్నింటికిని కలిపి నగరపాలక సంస్థ శిశుసంరక్షణ కేంద్రమును నడుపవలెను. తండ్రులకు సెలవు హక్కు కావలెను.

మహిళాదినోత్సవమున వైవిధ్యమును గూర్చి ప్రసంగించు సంస్థలు, తమ ఉద్యోగినులలో ఎందరు కాన్పు పిమ్మట తిరిగివచ్చి పై పదవులనందిరో ఏటేట ప్రకటింపవలెను. బిడ్డ పెంపకము ఇల్లాలి సొంతపనియని భావించునంతకాలము సాధికారత కొందరి అదృష్టముగానే యుండును. వ్యయమును సంఘమును, శ్రమను తండ్రియు పంచుకొన్ననాడే అది అందరి హక్కగును.