"మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" (మెరిట్ ముచ్చట్లు – 7)

పోయిన భాగంలో ర్యాంకుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి సైటేషన్ల ముచ్చట.

ఆమధ్య ఒక సంస్థలో ప్రజారోగ్య పరిశోధకుడి పోస్టుకు ఇంటర్వ్యూకు పోయాను. ఎస్సీ రోస్టర్ పోస్టు. కూర్చోగానే మొదటి ప్రశ్న: "మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" ఐదు అన్నాను. బల్లకు అవతలి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా పేపర్లలో ఏముందని ఒక్కరూ అడగలేదు. ఫలితం మీరు ఊహించిందే. 'నాట్ ఫౌండ్ సూటబుల్'.

ఉద్యోగం రాలేదన్న ఏడుపు కాదిది. మన వాళ్ళను గుమ్మం బయట నిలబెట్టడానికి కొత్తగా దొరికిన ఈ కొలబద్ద సంగతేంటో చూద్దామని.

హెచ్-ఇండెక్స్ ఐదు అంటే, కనీసం ఐదేసి సార్లు ఇతరులు ప్రస్తావించిన పేపర్లు నావి ఐదు ఉన్నాయని అర్థం. అంతే. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. తన కొలతతో తీవ్రమైన అనర్థాలూ జరగొచ్చని 2020లో ఆయనే రాశాడు. కనిపెట్టినవాడికున్న అనుమానం మన సెలక్షన్ కమిటీలకు లేదు!

సైటేషన్ దేన్ని లెక్కిస్తుంది? 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల్ని చూపించి, ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ లాన్సెట్‌లో పేపర్ వేశాడు. 2010లో ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ అది తప్పని ఖండించిన ప్రతి పేపరూ దాని ఖాతాలో ఒక సైటేషనే. తిట్టినా లెక్కే, పొగిడినా లెక్కే. మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదానికి మాత్రం లెక్క లేదు.

ఇక మా సంగతి. మాది నల్లగొండ జిల్లా. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు మా జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చడం. ఆఫ్రికా దేశాల మీద రాసిన పేపర్లలోనూ ఆ పేరు కనిపిస్తుంది. మా జిల్లా పేరు పత్రికలెక్కి ప్రపంచం చుట్టొచ్చింది. మా వాడలో బోరింగు నీళ్ళు తాగిన మా నాయన నడుము మాత్రం వంగే ఉంది. పరిశోధన దండగ అనడం లేదు. ఆ జబ్బేమిటో, ఎందుకొస్తుందో పరిశోధన వల్లే తెలిసింది. కానీ కృష్ణా నీళ్ళ కోసం కొట్లాడింది జలసాధన సమితి, రోడ్డెక్కిన ఊళ్ళు. ఆ ధర్నాలకు ఏ గూగుల్ స్కాలర్‌లో పేజీ ఉంది?

చదువుకునే రోజుల్లో నేను సర్వేలకు పోయేవాణ్ణి. ఫారానికి ఇన్ని రూపాయలని ఇచ్చేవాళ్ళు. వాడవాడ తిరిగి అమ్మల వేలు గుచ్చి రక్తం తీసుకున్నాం. "బిడ్డా, నా రక్తంలో ఏం తేలిందో మల్లొచ్చి చెప్తవా?" అని ఒక అవ్వ అడిగింది. పేపర్ వచ్చింది, ఇంగ్లీషులో. మా పేర్లు లేవు. డేటా సేకరించినంత మాత్రాన రచయితలు కారని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం చూపించారు. నిజమే, ఆ నియమం ఉంది. కానీ పనిలో గట్టి భాగమున్న వాళ్ళకు రాయడంలో, దిద్దడంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా అదే కమిటీ చెప్తుంది. ఆ వాక్యం మాత్రం ఎవరికీ కనబడదు. ఆ అవ్వ దగ్గరికి నేనూ మళ్ళీ పోలేదు. ఆ అప్పు నా నెత్తిన ఇంకా ఉంది.

చేసిన పనికి పేరు రాకుండా చేసి, పేరు లేదు కాబట్టి పనికిరావంటారు. ఇదీ వీళ్ళ మెరిట్!

ఇది ఒక్క మన గోడు కాదు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషిని నియమించొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన చెప్పింది. స్థానిక అవసరాల మీద జరిగే మంచి పరిశోధనను కాపాడాలని 2015లో లైడెన్ మేనిఫెస్టో చెప్పింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పేపర్లు రాయడం మానకండి. ఆ మైదానం వాళ్ళకు వదలొద్దు. కానీ ఇంటర్వ్యూలో అంకె అడిగితే, "నా మూడు పేపర్లు ఇవి, చదివి ప్రశ్నలడగండి" అనండి. 'నాట్ ఫౌండ్ సూటబుల్' అంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని ఆర్టీఐ వేయండి. సర్వే చేసిన వాడకు తిరిగిపోయి, ఏం తేలిందో తెలుగులో చెప్పండి.

వచ్చే ఆదివారం నేను ఆ అవ్వ ఊరికి పోతున్నా. నా హెచ్-ఇండెక్స్ దాంతో ఒక్కటి కూడా పెరగదు. అయినా పోతున్నా.

జై భీమ్.