క్షేత్ర సెన్సర్లలో మెమరీ కేటాయింపు: పంటకాలమే పరీక్ష కావాలి

నేల తేమను కొలిచే సెన్సర్ పరికరాలు పరిశోధనా క్షేత్రాలలోను, బిందు సేద్యం చేసే రైతుల పొలాలలోను క్రమంగా ప్రవేశిస్తున్నాయి. వీటి ఎంపికలో ధర, కొలతలోని కచ్చితత్వం, బ్యాటరీ మన్నిక పరిశీలనకు వస్తాయి. పరికరంలోని సాఫ్ట్‌వేర్ మెమరీని ఏ విధంగా కేటాయించుకుంటున్నదో కూడా అంతే శ్రద్ధతో పరిశీలించవలసి ఉంది.

ఈ పరికరాలలో మెమరీ మిక్కిలి పరిమితం. ఆర్డ్యునో యూనో ఆర్3 బోర్డులోని అట్‌మెగా 328పి చిప్‌లో ర్యామ్ 2 కిలోబైట్లు, అనగా 2048 బైట్లు మాత్రమే. ప్రతి 15 నిమిషాలకు ఒక కొలత తీసుకుంటే రోజుకు 96 కొలతలు వస్తాయి. తేదీ, సమయం, తేమ, ఉష్ణోగ్రతలను అక్షరాల రూపంలో కొలతకు 30 బైట్ల చొప్పున దాచితే 2880 బైట్లు అవసరమవుతాయి. ఒక్క రోజు సమాచారమైనా ర్యామ్‌లో ఇమడదు. తేమను, ఉష్ణోగ్రతను పదితో గుణించి పూర్ణాంకాలుగా రెండేసి బైట్లలో ఉంచి, ప్రారంభ సమయాన్ని మాత్రం ఒకసారి 4 బైట్లలో నమోదు చేస్తే 388 బైట్లు సరిపోతాయి. వ్యవధి స్థిరం గనుక ప్రతి కొలత సమయాన్నీ లెక్కగట్టవచ్చు. కొలత అందనప్పుడు ఆ స్థానంలో ఒక ప్రత్యేక సంఖ్యను ఉంచితే వరుస చెడదు.

ఇంతకన్న జటిలమైన సమస్య మరొకటి ఉంది. ప్రోగ్రాము నడుస్తుండగా వేర్వేరు పరిమాణాలలో మెమరీని తీసుకుంటూ, విడిచిపెడుతూ ఉంటే ఖాళీ స్థలం ముక్కలవుతుంది. కమతాల విచ్ఛిన్నం ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పది చోట్ల చెదిరిన భూమి మొత్తం ఐదెకరాలైనా, ఒకే ఖండంగా ఐదెకరాలు ఉండదు. అట్లే మెమరీలో మొత్తం 500 బైట్లు ఖాళీగా ఉన్నా, వరుసగా 100 బైట్లు లభించకపోవచ్చు. ప్రయోగశాలలో రెండు రోజులు సక్రమంగా నడిచిన పరికరం పొలంలో వారాల తరువాత ఆగిపోవడానికి ఇది కారణం కాగలదు. మొక్కజొన్నలో పూత, పీచు దశల నీటి ఎద్దడి దిగుబడిని తీవ్రంగా తగ్గిస్తుంది. ఆ దశలో లోపించిన కొలతలను తిరిగి పొందడం అసాధ్యం.

నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్త జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రకటించిన పది ప్రోగ్రామింగ్ నియమాలలో ఒకటి, ప్రారంభ దశ ముగిసిన పిమ్మట కొత్తగా మెమరీ కేటాయించరాదన్నది. పొలంలోని పరికరానికీ ఈ నియమం ఆచరణీయమే. ఎక్కువ మెమరీ గల చిప్ వాడితే సరిపోతుందన్న వాదన ఉంది. ఈఎస్‌పీ32 వంటి చిప్‌లో 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్నమాట నిజమే. కాని కేటాయింపు పద్ధతి మారనంతవరకు లోపం వాయిదా పడుతుందే గాని తొలగదు. వాచ్‌డాగ్ టైమరు ఆగిన పరికరాన్ని తిరిగి ప్రారంభించగలదు. అయితే వేరొకచోట భద్రపరచని కొలతలు నశిస్తాయి.

కావున పరికరాల కొనుగోలు నిబంధనలలో రెండు అంశాలు చేర్చడం సముచితం. మొదటిది, మెమరీ అంతా ప్రారంభంలోనే కేటాయించబడుతుందన్న తయారీదారుని లిఖితపూర్వక హామీ. రెండవది, పంటకాలానికి సరిపడు పరీక్ష. కొలతల వ్యవధిని 15 నిమిషాల నుండి 15 సెకన్లకు తగ్గిస్తే, 120 రోజుల పంటకు వచ్చే 11,520 కొలతలు 2 రోజులలో పూర్తవుతాయి. ఆ వ్యవధిలో మిగిలిన ఖాళీ మెమరీ కనిష్ఠ విలువను నమోదు చేయించాలి. ఆ విలువ నానాటికి తగ్గుతున్న పరికరం ఎంత చౌకైనా నీటి యాజమాన్య ప్రయోగాలకు యోగ్యం కాదు.