కంప్యూటర్ మొరాయిస్తే...

మిక్సీ పాడైతే రోలుంది. కరెంటు పోతే కొవ్వొత్తి ఉంది. కంప్యూటర్ ఆగిపోతే ఏం చేస్తాం చెప్పండి? అందులోనూ రాతకోతలన్నీ దాంట్లోనే పెట్టుకున్న నాలాంటి వాళ్ళం!

పోయిన నెల మా ఇంట్లో అదే అయింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది కానీ, తెర మీద డిస్కు కనబడటం లేదంటూ ఒక్క ఇంగ్లీషు ముక్క. చెవి దగ్గర పెట్టి వింటే లోపల్నుంచి 'టిక్కు... టిక్కు'. ఈ శీర్షికకి రాయాల్సింది సగంలో ఉంది. దాని గురించి నాకంత బెంగ లేదు. తెల్లకాగితాల మీద పెన్నుతో రాసి, ఫోటో తీసి పంపేశాను. (ఫోన్‌లోనే టైపు చేయొచ్చు కదా అంటారేమో, రెండు పేజీలు బొటనవేలితో కొట్టి చూడండి, తెలుస్తుంది!)

నా బెంగల్లా మా అత్తగారి వంటల గురించే. ఆవిడ ఉన్న రోజుల్లో పక్కన కూచుని, గిద్దెలూ సోలెల లెక్కన చెబుతుంటే టైపు చేసిన 72 వంటలు. సీడీలో ఇంకో కాపీ దాచాను. కానీ సీడీ పెట్టే అర ఇప్పటి కంప్యూటర్లకి ఏదీ?

రిపేరు కుర్రాడు వచ్చీరాగానే మావారితో, "కొత్త డిస్కు వేసి విండోస్ ఎక్కించేస్తా అంకుల్, గంటలో పని" అన్నాడు. మావారు తలూపబోయారు. గమనించారా, వాడేది మనమైనా అడిగేది మాత్రం ఆయన్నే! "పాత డిస్కు నా చేతికివ్వు బాబూ, అందులో ఫైళ్ళ సంగతి తేలాకే మిగతా పని" అన్నాను.

ఈ పాతరకం హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలుంటాయి. నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతాయి. వాటిని చదివే భాగం తాకీ తాకనట్టుగా, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. టిక్కుమంటోందంటే చాలాసార్లు ఆ భాగానికే ఏదో అయిందన్నమాట. అలాంటప్పుడు 'మళ్ళీ ఒకసారి చూద్దాం' అంటూ పదిసార్లు స్విచ్ వేశారా, పళ్ళెం మీద గీతలు పడి, ఉన్నదీ పోతుంది. ఆపేసి కూచోవడమే మేలు. డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. మా పక్కింటావిడా అదే చెప్పింది. చల్లటి సీసా బయటకి తీస్తే చెమటపట్టదూ? ఆ తడి డిస్కుకీ పడుతుంది. వద్దు!

ఇలాంటివి దుమ్ము లేని గదిలో విప్పి, ఫైళ్ళు బయటకి తీసేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళకి పంపించాం. కొత్త డిస్కు ఖరీదు కన్నా ఎక్కువే అయింది. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఉంటే ఉన్నారు లెండి.

ఫైళ్ళు వచ్చాయి. తెరిచి చూస్తే... ఒక్క తెలుగక్షరం లేదు! అన్నీ పిచ్చి ఇంగ్లీషు గీతలు. కారణం ఏమిటంటే, అవి అచ్చు కోసం వాడే పాతరకం ఫాంట్లలో టైపు చేసినవి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటూ ఉంది. అయినా పత్రికలకి రాసేవాళ్ళం చాలాకాలం పాత ఫాంట్లనే పట్టుకుని ఉన్నాం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ రాత అర్థం కాదు. వీటిని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. మార్చాక ఒత్తులూ గుణింతాలూ అక్కడక్కడా తారుమారయ్యాయి గానీ, ఎర్ర పెన్ను పట్టుకుని వారం రోజులు కూచుంటే దారికొచ్చాయి. మీ దగ్గరా అలాంటి పాత ఫైళ్ళుంటే, కంప్యూటర్ బాగున్నప్పుడే మార్చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంటి బయట ఇంకెవరి దగ్గరైనా ఒకటి ఉంచండి.

నేనైతే 72 వంటలూ ప్రింటు తీయించి, ఆడపడుచులిద్దరికీ చెరో కాపీ పంపాను. పెద్దావిడ అప్పుడే ఫోన్ చేసింది. మాగాయలో ఆవపిండి కొలత తప్పట, అమ్మ అంత వేసేది కాదట. చిన్నావిడేమో అంతేనంటోంది. ఆ తగవు ఇంకా తేలలేదు.