ఊపిరితిత్తిలోని చిన్న మచ్చ

"నిదానమే ప్రధానం" అన్నారు పెద్దలు. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ వారే. ఏ సమయాన ఏది వర్తిస్తుందో ఎరుగుటే వివేకం. ఊపిరితిత్తుల స్కానింగులో కనిపించే చిన్న మచ్చ విషయంలో ఈ వివేకం అత్యావశ్యకమని మా అభిప్రాయం.

వేరొక బాధకు తీయించిన సి.టి. స్కాన్ రిపోర్టులో "నాడ్యూల్" అన్న మాట కనబడుతుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉండుటచే చదివి చెప్పే భారం ఇంటిలోని విద్యార్థిపై పడుతుంది. అది క్యాన్సరే అని చెప్పినచో ఇల్లంతా శోకమయమవుతుంది. ఏమీ కాదని మడిచి పెట్టినచో ప్రాణానికే ముప్పు రావచ్చు.

నాడ్యూల్ అనగా మూడు సెంటీమీటర్లకు మించని గుండ్రని మచ్చ. మన దేశంలో మానిపోయిన క్షయ మిగిల్చిన మచ్చలు అనేకం. మచ్చ అంతటా సున్నం పేరుకొని ఉంటే అది సాధారణంగా నిరపాయకరం. అమెరికాలో అధికంగా పొగత్రాగినవారిపై జరిగిన బృహత్ పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఎక్స్‌రేతో పోల్చగా, తక్కువ మోతాదు సి.టి. వలన ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అయితే ఆ సి.టి.లో అనుమానాస్పదమని తేలిన ఫలితాలలో 96 శాతం క్యాన్సర్ కానేకావు. పరీక్ష మేలు చేసింది. భయం మాత్రం తరచు వృథా అయింది.

ఫ్లైష్నర్ సొసైటీ 2017లో పెద్దల విషయమై సూచనలు ప్రకటించింది. క్యాన్సర్ గాని, రోగనిరోధకశక్తి లోపం గాని లేనివారిలో ఒంటరి గట్టి మచ్చ 6 మిల్లీమీటర్లలోపు ఉండి, ముప్పు తక్కువైతే మరల స్కాన్ అవసరం లేదు. 6 నుండి 8 వరకు ఉంటే 6–12 నెలలకు మరల చూడాలి. 8 దాటితే మూడు నెలలకు స్కాన్, లేక పెట్ స్కాన్, లేక ముక్క పరీక్ష ఆలోచించాలి. పెట్ స్కానులో క్షయ కూడ క్యాన్సర్ వలె వెలుగుతుందని మన ప్రాంతంలో మరువరాదు.

గణితం చదివినవారు గమనింతురు గాక: 8 మిల్లీమీటర్ల మచ్చ 10 అయినచో ఘనపరిమాణం దాదాపు రెట్టింపైనట్లే. ఈ పెరుగుదల పాత ఫిల్ముతో పోల్చిననే తెలుస్తుంది. ఆ ఫిల్మును పారవేయుట సాక్ష్యాన్ని పారవేయుటే.

గడువు పెట్టుకొని వేచియుండుట నిర్లక్ష్యం కాదు, అదియూ చికిత్సయే. ఎందుకు వేచియుండాలో వైద్యుడు విప్పి చెప్పాలి. చెప్పిన తేదీకి రోగి తప్పక వెళ్ళాలి. బీడీ, సిగరెట్టు ఆనాడే మానాలి. ఏటా ఒక వైద్యునిచే ఈ విషయమై ఉపన్యాసం ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీని కోరుతున్నాము. విద్యార్థులారా, ఇంట్లో రిపోర్టు చదివేటపుడు మొదట మచ్చ కొలత చూడండి, పిదప తిరిగి రమ్మన్న తేదీ చూడండి. ఆ రెండింటిని పెద్దలకు నిదానంగా చెప్పగలిగిన నాడు మీ చదువు సార్థకమైనట్లే.