తేలిక చెక్క ఖరీదు

మోండా మార్కెట్లో ఎక్కువ తూగిందే మంచి సరుకు. గుమ్మడికాయ చేతికి బరువుగా ఆనాలి. కొబ్బరికాయ చెవి దగ్గర ఊపితే నీళ్ళు చప్పుడు చెయ్యాలి. ఇత్తడి బిందెను మోగించి చూసి, రెండు చేతులా ఎత్తి చూసి గాని మన ఆడవాళ్ళు బేరానికి దిగరు. సికింద్రాబాదులో కాపురం పెట్టిన నాటి నుంచీ ఈ సందుల్లోనే కూరలు కొంటున్నాను గనుక ఇది నాకు బాగా తెలిసిన శాస్త్రమే. అటువంటి బజారులో, సరుకు తక్కువ తూగిందని సంబరపడిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. వాడు మా మేనల్లుడు.

అక్కయ్య కొడుకు. ఇంటర్మీడియట్ రెండో ఏడు. నేను ఏలకులు కొనడానికి పూజాసామాన్ల కొట్టుకు వెళుతూంటే, పోస్టులో తెప్పించుకున్న అరడజను చెక్క పలకలు చంకన పెట్టుకుని వెంట వచ్చాడు. పచ్చకర్పూరం, కుంకుమపువ్వు తూచే చిన్న కాటా ఆ కొట్టులో ఉన్నది. వీడి కన్ను దాని మీద. సేఠ్ గారు పెద్దమనిషి గనుక కాదనలేదు. ఒక పలక తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "గంధం కాదే!" అన్నారు.

గంధం కాదు, బల్సా. ఒక్కొక్క పలక మూడడుగుల పొడుగు, మూడంగుళాల వెడల్పు, అంగుళంలో పదహారో వంతు మందం. చూపులకు అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. కాటా మీద పెడితే ఒకటి 22 గ్రాములు, ఒకటి 16, ఇంకొకటి 11!

"ఈ చివరిది వెనక్కి పంపించెయ్యి బాబూ, నిన్ను మోసం చేశారు," అన్నారు సేఠ్ గారు, నిజంగానే నొచ్చుకుని.

మావాడు ఆ పదకొండు గ్రాముల పలకనే వేరే కాగితంలో చుట్టుకుని, "ఇది తోకకి, మామయ్యా," అన్నాడు.

తోకకే ఎందుకన్నది మెల్లగా చెబుతాను. ముందు చెక్క సంగతి. బల్సా చెట్టు పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల అడవులు. ప్రపంచానికి కావలసిన బల్సాలో చాలా భాగం ఈక్వడార్ దేశమే పంపిస్తుంది. స్పానిష్ భాషలో బల్సా అంటే తెప్ప. 1947లో థోర్ హెయర్‌డాల్ అనే నార్వే దేశస్థుడు ఈ దుంగలతోనే తెప్ప కట్టి, ఐదుగురు తోడు రాగా, పెరూ నుంచి పసిఫిక్ సముద్రంలోకి బయలుదేరి 101 రోజులకు పాలినీషియా దీవుల్లో తేలాడు. చెట్టు కులగోత్రాలు విచారిస్తే మన బూరుగకూ పత్తికీ దాయాది. దీని కాయలోనూ దూది ఉంటుంది. ఆరేడేళ్ళలోనే కోతకు వస్తుంది. అంత తొందరగా పెరగడం కోసం గింజకట్టు వదిలేసి, పల్చటి గోడల గదుల్లో నీళ్ళు నింపుకుని నిలబడుతుంది. కోసి, బట్టీలో ఆరబెడితే ఆ నీరంతా పోయి గాలి మిగులుతుంది. నీరు ఘనమీటరుకు 1000 కిలోలుంటే, ఈ చెక్క మామూలుగా 100 నుంచి 200 కిలోలు. అందుకనే ఒకే కొలత పలకల్లో ఒకదానికొకటి రెట్టింపు తూగడం. పైగా దుంగను ఎటు తిప్పి కోశారన్నదాన్ని బట్టి ఒక పలక చాపలాగా చుట్టుకుంటుంది, ఒకటి అట్టలాగా బిర్రుగా నిలుస్తుంది. చుట్టుకునేది విమానం ఒంటికి, బిర్రుగా ఉండేది రెక్క లోపలి పక్కటెముకలకు. తెలిసినవాడు పలకను వెలుతురుకు పట్టి చూసి చెప్పేస్తాడు, మన ఆడవాళ్ళు బియ్యం గింజ కొరికి చెప్పినట్టు.

కర్రతోనూ గుడ్డతోనూ చేసిన విమానాలు అంటే పిల్లలాట అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, మన నిజాం నవాబు ఇచ్చిన డబ్బుతో ఇంగ్లీషు వైమానిక దళంలో 110వ దళానికి డి.హెచ్. 9ఏ విమానాలు సమకూరాయి. దానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అనే పేరు. ఆ విమానాలు కర్ర చట్రానికి గుడ్డ తొడిగినవే. ఆ డి.హెచ్. అన్న అక్షరాలు డి హావిలాండ్ అనే ఆయనవి. 1940లో ఆయన కంపెనీ తయారుచేసిన 'మస్కిటో' యుద్ధవిమానం ఒళ్ళు, రెండు పల్చటి ప్లైవుడ్ పొరల మధ్య బల్సా పెట్టి అతికిందే.

మావాడి విమానం మూడు నెలల పాటు మా అక్కయ్య వాళ్ళ భోజనాల బల్లను ఆక్రమించింది. ప్లాను కాగితం బల్ల మీద పరిచి, పైన మైనపు కాగితం వేసి, పక్కటెముకలను గుండుసూదులతో నిలబెట్టి, బంక చుక్కలు వేసుకుంటూ పోవడమే పని. చట్రం పూర్తయ్యాక పైన తొడుగు. పూర్వం పల్చటి కాగితం అంటించి, లక్క వంటి ద్రవం పూసి బిగబట్టేవారు. సంక్రాంతికి మన బజారుల్లో వేలాడే గాలిపటానికి వెదురుబద్దా కాగితమూ ఏ వరసో దీనికీ అదే వరస. ఇప్పుడు పల్చటి ప్లాస్టిక్ పొర వస్తున్నది. దాన్ని ఇస్త్రీ పెట్టెతో రుద్దితే ముడుచుకుని తప్పెటలాగా బిగుసుకుంటుంది. మా అక్కయ్య పట్టుచీరల ఇస్త్రీ పెట్టెకు ఆ మూడు నెలలూ వేరే గతి పట్టింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగు కుర్రాళ్ళు కాలేజీ మైదానంలో ఇటువంటివి ఎగరేసేవారు. రేడియో లేదు, సన్నటి తీగలు పట్టుకుని కుర్రాడు గానుగెద్దులా తిరుగుతూంటే, విమానం వాడి చుట్టూ గిర్రున తిరిగేది. ఆ ఇంజనుకు మిథనాల్లో ఆముదం కలిపి పోసేవారు. ఎన్.సి.సి. పెరేడ్ ముగిసిన సాయంత్రం మైదానమంతా కాలిన ఆముదం వాసన! నల్గొండ జిల్లా చెలకల్లో పండిన గింజ ఆకాశంలో చప్పుడు చేయడం నాకు మహా ముచ్చటగా ఉండేది. ఈనాటి కుర్రాళ్ళు కరెంటు మోటారూ లిథియం బ్యాటరీ పెడుతున్నారు. చప్పుడు లేదు, వాసనా లేదు. అది లాభమే కాబోలు.

రేడియోతో నడపడం అంతకు చాలా ముందుది. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. విమానానికి దాన్ని 1930ల చివర అమర్చినవారిలో ముఖ్యులు అమెరికాలో గుడ్ సోదరులనే కవలలు. వారి విమానం వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నది. రేడియో అంటే గాలిలో విమానం మన మాట వింటుందని మాత్రమే. తిప్పలు లేకపోలేదు. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే. మన వైపు వస్తూన్నప్పుడు దాని కుడి మనకు ఎడమ. ఆ మార్పు మెదడుకు ఎక్కేలోపల నేల దగ్గరపడుతుంది.

మావాడికి మొదటిసారి అదే జరిగింది. నల్గొండ దగ్గర మా బావగారి చెలకలో, పంట కోసేసిన తరువాత ఎగరేశాడు. ఊరిదాకా పోవడం ఎందుకు, పెరేడ్ గ్రౌండు లేదా అని మీరు అడగవచ్చు. 2021 నాటి డ్రోన్ నిబంధనల్లో ఇటువంటి వినోద విమానాలకు విడిగా ఒక తరగతి ఉన్నది. 25 కిలోలు మించకూడదు, కంటికి కనిపించే దూరం దాటకూడదు. అయితే నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా ఏదీ ఎగరేయరాదు. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయినా, బేగంపేట విమానాశ్రయం మూతపడలేదు. అటు హకీంపేటలో వైమానిక దళం. నడుమ కంటోన్మెంటు. మన మేడల మీద ఆకాశం మనది కాదు.

సరే, దిగేటప్పుడు కుడి ఎడమలు తారుమారై తోక విరిగింది. ఇంటికి తెచ్చి, మళ్ళీ విరక్కూడదని గట్టి చెక్క వేసి, పైన ఇంకో పొర బంక పూసి బాగుచేశాడు. అంతకు ముందు 23 గ్రాములున్న తోక 38 గ్రాములయింది. పదిహేను గ్రాములు ఏపాటి? మూడు చెంచాల పంచదార. కాని విమానం త్రాసు వంటిది. రెక్క వెడల్పులో ముందంచు నుంచి సుమారు నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఒక చోటు ఉంటుంది. రెండు చూపుడు వేళ్ళూ అక్కడ ఆనించి ఎత్తితే ముక్కూ తోకా సమంగా ఆగాలి. ముక్కు కొంచెం బరువైతే బద్ధకంగా ఎగురుతుంది. తోక బరువైతే ముక్కెత్తుకుని, గాలి పట్టు తప్పి, పడిపోతుంది. వీడి విమానంలో ఆ చోటికి తోక 60 సెంటీమీటర్లు వెనక, ముక్కు 20 సెంటీమీటర్లు ముందు. త్రాసుకు ఒక చెయ్యి మూడింతలు పొడుగన్న మాట. తోకలో చేరిన ప్రతి గ్రాముకూ ముక్కులో మూడు గ్రాములు వెయ్యాలి. పదిహేనుకు నలభై అయిదు గ్రాముల సీసం! మొత్తం అరవై గ్రాములు వృథా. పద్యంలో ఒక పాదం సాగదీస్తే మిగిలిన మూడు పాదాలకూ వ్యర్థపదాలు కూరవలసి రావడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆ సీసం కొనే దగ్గరే తండ్రీ కొడుకులకు చెడింది. "పరీక్షలు దగ్గరపడుతూంటే బొమ్మకు సీసం పోయిస్తావా? అటకెక్కించు," అన్నారు బావగారు. మా అక్కయ్య నాకు ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి వాడు భోజనం మానేసి కూర్చున్నాడు. బావగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమోయ్ లెక్చరరూ, నువ్వే చెప్పు. దీనివల్ల వీడికి ఒక్క మార్కు వస్తుందా?"

"బావగారూ, మార్కు సంగతి నాకు తెలియదు. ఒక్క ప్రశ్న మీరే అడగండి. సీసం లేకుండా దీన్ని సరిచేసే ఉపాయం ఉన్నదా అని."

పేపరు వెనక నుంచి ఆ ప్రశ్న వచ్చింది. వాడు కాగితం తీసి బల భ్రామకం లెక్క వేశాడు. పాఠ్యపుస్తకంలోదే. గట్టి పలక తోకను పారేసి, తేలిక చెక్క పుల్లలతో నిచ్చెనలాగా చట్రం కట్టి, వాలు పుల్లలు వేసి, పైన పొర తొడిగితే 20 గ్రాముల్లో తోక అవుతుంది. పద్దెనిమిది గ్రాములు తగ్గుతాయి. సీసం మొత్తం తీసెయ్యవచ్చు. అప్పటికీ ముక్కే కొంచెం బరువౌతుంది. 180 గ్రాముల బ్యాటరీని ఒక్క సెంటీమీటరు వెనక్కి జరిపితే సరి. బావగారు బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినవారు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మళ్ళీ కూడి చూశారు. "ఒక్క సెంటీమీటరేనా?" అన్నారు. ఆ పుల్లల కోసమే మోండా మార్కెట్లో కాటా వెతుక్కోవడం.

పరీక్షలైన మర్నాడు అందరమూ చెలకకు వెళ్ళాము. విమానం లేచింది, ఎనిమిది నిమిషాలు తిరిగింది, నాలుగు గెంతులు గెంతి దిగింది. తోక నిలిచింది. బావగారు మాత్రం విమానాన్ని చూడలేదు; ఎనిమిది నిమిషాలూ కొడుకు వేళ్ళనే చూస్తూ నిలబడ్డారు.

ఇప్పుడు వాడికి ఇదే విమానాన్ని రెండింతలు చేయాలని పట్టుదల. రెండింతలంటే బావగారు రెట్టింపు ఖర్చు అనుకున్నారు. అంతటితో పోదు. పొడుగు రెండింతలైతే రెక్క వైశాల్యం నాలుగింతలు, చెక్క ఎనిమిదింతలు. రెక్కలో ప్రతి చదరపు అంగుళమూ రెట్టింపు బరువు మొయ్యాలి, దిగే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకని ప్లానును పెద్దది చేసినంత మాత్రాన కాదు, ప్రతి పుల్లనూ మళ్ళీ ఆలోచించి చెక్కుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళు ఎంత దూరమైనా పోయారు. 2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ అనే 77 ఏళ్ళ అమెరికా పెద్దమనిషి, చూపూ వినికిడీ బాగా తగ్గిన దశలో, బల్సాతో చేసిన 5 కిలోల లోపు విమానాన్ని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండుకు పంపించాడు. కనుచూపు దాటాక దారి దానంతట అదే చూసుకునే యంత్రం అమర్చాడు. దాదాపు 39 గంటల్లో 3,000 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటింది.

బల్సా మాత్రం మునుపటిలా చవక కాదు. గాలిమరల పెద్ద రెక్కల లోపల నింపడానికి ఇదే చెక్క కావాలి. 2020 ప్రాంతంలో చైనా నుంచి గిరాకీ పెరిగి ధర మండిపోయింది. ఈక్వడార్‌లో తోటలు చాలక, అమెజాన్ అడవిలోని ఆదివాసుల నేలల్లోకి గొడ్డళ్ళు వెళ్ళాయి. దీనికి మన దగ్గర ఒక జోడీ ఉన్నది. నిర్మల్ బొమ్మలకూ కొండపల్లి బొమ్మలకూ వాడే పొణికి మన దేశపు బహు తేలిక చెక్కల్లో ఒకటి. దాని కుటుంబం వేరు. అది ఆముదానికి చుట్టం. అడవిలో పొణికి చెట్లు కరువై ఆ బొమ్మల కళాకారులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు.

మొన్న నిర్మల్ వెళ్ళినవారు ఎవరో ఒక పొణికి ముక్క తెచ్చి ఇస్తే, మావాడు దాన్ని రెక్కకు పనికివస్తుందేమోనని తూచి చూశాడు. బల్సా అంత తేలిక కాదన్నాడు. దాన్ని చెక్కి, తలపాగా పెట్టి, రంగు వేసి పైలట్ బొమ్మ చేశాడు. బొమ్మ 7 గ్రాములు. సరిగ్గా బరువు నిలిచే చోట, రెక్క మీద కూర్చోబెట్టాడు గనుక ముక్కులో ఏమీ వేయవలసిన పని లేకపోయింది.