మన పేరు మీద ఎవరి వ్యాపారం?

ఈసారి ఒక సంతకం గురించి మాట్లాడుకుందాం.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు పక్కన మా కాలనీకి ఒకాయన బైక్ మీద వచ్చినాడు. మా చిన్నాయన కొడుకును పేరు పెట్టి పిలిచి, "ఎస్టీ కోటాలో బండికి లోన్ వస్తాది, సబ్సిడీ వస్తాది. బండి నేను చూసుకుంటా, కంతులు నేనే కడతా. నువ్వు ఆధార్, కులం సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెడితే చాలు. నెలకు మూడు వేలు నీ చేతిలో పెడతా" అన్నాడు. మా అన్న ఒక్క మాట అడిగినాడు: "ఆ బండి నేనే నడుపుకుంటే కాదా సార్?" ఆయన నవ్వి, "మీకు వ్యాపారం ఏం తెలుసప్పా!" అన్నాడు.

అన్న సంతకం పెట్టినాడు. మూడు వేలు ఏడు నెలలు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చింది బ్యాంకు నోటీసు, అన్న పేరు మీదే. బండి ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలియదు. ఈ రోజు అన్న సొంతంగా ఆటో కొనుక్కుందామని ఏ బ్యాంకుకు పోయినా, కంప్యూటర్‌లో చూసి "పాత బాకీ ఉంది, కుదరదు" అంటున్నారు. పేరు మనది, వ్యాపారం వాళ్లది. లాభం వాళ్లది, అప్పు మనది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే అయితే రాసేవాడిని కాదు. ఇది చదివే మీలో ఎంతమంది ఇళ్లకు ఇట్లాంటి మనుషులు వచ్చారో మీకే తెలుసు. అందుకే ఆ పెద్దమనిషి అన్న మాటకు ఈ రోజు జవాబు చెప్పుకుందాం. మనకు వ్యాపారం నిజంగానే తెలియదా?

మన తెగల పేర్లే చూడండి. మా ఎరుకల వాళ్లలో ఉప్పు ఎరుకల ఉన్నారు, వెదురు దబ్బలతో గంపలు, చేటలు అల్లే దబ్బ ఎరుకల ఉన్నారు, చేనేత వాళ్లు పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టే కుంచె ఎరుకల ఉన్నారు, కరివేపాకు ఎరుకల ఉన్నారు. ఇవి తిట్లు కావు, ఇంటి పేర్లు కావు. ఒక్కో పేరు ఒక్కో సరుకు, ఒక్కో వ్యాపారం. గాడిదల మీద కోస్తా నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్లలో గింజలకు మార్చి, ఆ గింజలు మళ్లీ ఇంకో చోట అమ్మినోళ్లు మన ముత్తాతలు. సుగాలీలైతే వందల ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం దేశమంతా తిప్పినారు. పెద్ద పెద్ద సైన్యాలకే తిండిగింజలు అందించినారు. ఏ ఊర్లో ఏ సరుకు కరువో, ఏ కాలంలో ఏ దారి బాగుంటుందో, ఎవరికి అరువివ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో వాళ్ల నోటి మీద ఉండేది. ఇప్పుడు కాలేజీల్లో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ అని చెప్తున్నది దాన్నే.

మరి ఆ వ్యాపారం ఎట్లా పోయింది? చేతకాక పోలేదు, లాగేసుకున్నారు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ ప్రభుత్వం గుత్తాధిపత్యం పెట్టింది. తర్వాత మద్రాసు నుంచి మన కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా రైలు మార్గం పడింది. 1871 నాటికి అది రాయచూరు చేరి బొంబాయి వైపు లైనుతో కలిసింది. గాడిద పది రోజులు మోసే ఉప్పు రైల్లో ఒక్క రోజులో వచ్చింది. 1876-78 కరువులో మనుషులతో పాటు పశువులూ చచ్చిపోయినాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు నరకడానికి, పశువులు మేపుకోవడానికి ఆంక్షలు వచ్చినాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. రైలు రాయచూరు చేరిన ఆ 1871లోనే బ్రిటిషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసినారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఒక్కసారి ఆలోచించండి. ఊరూరా తిరిగి అమ్ముకునే వాడిని ఊరు దాటొద్దంటే ఆ వ్యాపారం ఏమవుతుంది? 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టినారు. తిరిగే వ్యాపారిని ఒక చోట కట్టేసి కూలీగా మార్చినారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ముద్ర మాత్రం జనం బుర్రల్లోనుంచి పోలేదు. అప్పు అడిగితే "వీళ్లకా?" అనే చూపు ఉంది కదా, అది ఆ చట్టం వదిలిపోయిన చూపే.

ఇప్పుడు మన మూడు ఊళ్లకు వద్దాం.

ప్రొద్దుటూరును రెండో ముంబై అంటారు. బంగారం, పత్తి, నూనె, బట్టలు, దేనికైనా పెట్టింది పేరు. ఆ బజార్లో మనోళ్లు ఎక్కడున్నారు? అంగడి లోపల కాదు, అంగడి ముందు గంప పెట్టుకుని ఉన్నారు. పులివెందుల వైపు పోతే అరటి, చీని తోటలు. గెల కోసేది, మోసేది, లారీకి ఎక్కించేది కూలీలు. ధర నిర్ణయించేది తోట రైతు కూడా కాదు, లారీ పంపే వ్యాపారి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ బండల గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడా మనది దుమ్ము మింగే పనే.

ఇక ఉక్కు ఫ్యాక్టరీ. 2007లో ఒక శంకుస్థాపన. 2014 రాష్ట్ర విభజన చట్టంలో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా పరిశీలించమని రాసినారు. 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర ఇంకో శంకుస్థాపన. 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లె దగ్గర మరొకటి. 2023 ఫిబ్రవరిలో కొత్త కంపెనీతో మళ్లీ భూమిపూజ. 2007లో ఐదో తరగతి చదివిన పిల్లోడు "ఫ్యాక్టరీ వస్తే జాబ్ వస్తాది" అని ఎదురుచూస్తూ 2023కి పెళ్లి చేసుకుని పిల్లల తండ్రి అయిపోయినాడు. ఫ్యాక్టరీ కావాలి, మన జిల్లా హక్కు అది, అడుగుదాం. కానీ శిలాఫలకం చూసుకుంటూ వయసు పోగొట్టుకోవద్దు.

"సరే, వ్యాపారం చేద్దాం. పెట్టుబడి ఏదీ?" అంటారు. అసలు సమస్య అక్కడే ఉంది. మనోళ్లు పెట్టుబడి లేకుండా లేరు. చాలా ఖరీదైన పెట్టుబడితో బతుకుతున్నారు. డైలీ ఫైనాన్స్ లెక్క ఒకటి వేద్దాం. పది వేలు అప్పు. ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు ఇస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే కదా పోయింది" అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర ఉండటం లేదు కదా? మరుసటి రోజు నుంచే తిరిగి పోతా ఉంది. యాభయ్యో రోజుకే సగం కట్టేసి ఉంటాం. ఆ లెక్కన చూస్తే అది నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. ఊర్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే "అమ్మో" అంటాం. వంద రూపాయల నోటు రోజూ ఇవ్వడం వల్ల ఆ ఆరు రూపాయలు మన కంటికి కనబడదు. కూరగాయలమ్మే మా అవ్వ ఇరవై ఏళ్లు ఈ వడ్డీ కట్టింది. అవ్వకు వ్యాపారం చేతకాకపోతే అంత వడ్డీ కట్టి కూడా అన్నేళ్లు అంగడి నడిపేదా?

ఇప్పుడు ఆ బైక్ పెద్దమనిషి మనకు చెప్పని లెక్క చూద్దాం. పీఎంఈజీపీ అని కేంద్ర పథకం ఉంది. ఎస్టీలకు పల్లెలో యూనిట్ పెడితే ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, టౌన్‌లో అయితే 25 శాతం. మన చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతం. ఐదు లక్షల యూనిట్ అనుకోండి. మనం 25 వేలు పెట్టుకోవాలి. బ్యాంకు 4 లక్షల 75 వేలు ఇస్తుంది. పల్లెలో అయితే సబ్సిడీ లక్షా 75 వేలు. అది మన చేతికి రాదు. మన పేరు మీద మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తున్నట్టు తేలితే అప్పులో సర్దుతారు. ఇది తెలియక చాలామంది "సబ్సిడీ తెప్పిస్తా, కమీషన్ ఇవ్వు" అనే వాళ్లకు డబ్బు పోస్తున్నారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మనమే వేసుకోవచ్చు. అనుమానాలుంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోయి అడగండి. పది లక్షల లోపు ఇట్లాంటి అప్పులకు బ్యాంకు తాకట్టు అడగకూడదు. అది రిజర్వ్ బ్యాంకు నియమం. "పొలం పాసుబుక్ తెచ్చావా?" అంటే, "సార్, తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసివ్వండి" అనండి. ఆ ఒక్క మాటకు గొంతు మారుతుంది.

ఇంకొకటి. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏటా కొనే సరుకులు, సేవల్లో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్న యూసీఐఎల్ కేంద్ర సంస్థే. ఆ 4 శాతం సంస్థ మొత్తానికి పెట్టిన లెక్క, ఒక్క గనికి కాదు. కొని అమ్మే వ్యాపారానికి వర్తించదు, తయారీకి, సేవలకే. అయినా యూనిఫాంలు కుట్టడం, వాహనాలు నడపడం, క్యాంటీన్, మరమ్మతులు, ఇవన్నీ మనకు చేతకాని పనులా? టెండర్ వేయడానికి మన పేరు మీద నిజంగా మనమే నడిపే యూనిట్ ఉండాలి, అంతే. అది లేనందుకే మన పేరుకు గిరాకీ, మనకు లేదు.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. "అందరూ వ్యాపారం పెట్టండి, బాగుపడతారు" అని నేను చెప్పడం లేదు. ఆ మాట వెనక ఒక మోసం ఉంది. ఉద్యోగాలు ఇవ్వలేని ప్రభుత్వాలు "నువ్వే ఉద్యోగాలు సృష్టించు" అని బాధ్యత మన నెత్తిన వేస్తాయి. నష్టం వస్తే తప్పు మనది అంటాయి. బ్యాక్‌లాగ్ పోస్టులు, కనీస కూలి, ఇంటి పట్టా, హాస్టల్ తిండి, వీటి కోసం కొట్లాట అట్లనే ఉంటుంది. 2011 లెక్కల్లో మన జిల్లా జనంలో మనం నూటికి ముగ్గురం కూడా లేం. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కూడా కాదు. ఏజెన్సీలో ఉన్న భూ చట్టాల రక్షణ మనకు లేదు. ఓట్ల లెక్కలో చిన్నవాళ్లం కాబట్టి కాగితం లెక్కలో గట్టిగా ఉండాలి.

అందుకే నాలుగు పనులు.

ఒకటి, పేరు అరువివ్వొద్దు. ఆధార్, కులం సర్టిఫికెట్, సంతకం, ఓటీపీ, ఈ నాలుగూ మన ఇంటి తాళాలు. మూడు వేలకు తాళం ఇచ్చేవాడు ఎవడన్నా ఉంటాడా?

రెండు, లెక్క రాయండి. చిన్న నోట్‌బుక్ చాలు. పెట్టిన డబ్బు, వచ్చిన డబ్బు, అరువు, వడ్డీ. మీ సొంత కూలి కూడా ఖర్చులో రాయండి. అది రాయకపోతే నష్టం కూడా లాభంలాగా కనబడుతుంది.

మూడు, కలిసి పెట్టండి. ఒక్కడు బ్యాంకుకు పోతే కుర్చీ చూపించరు, పదిమంది అక్కచెల్లెళ్లు సంఘంగా పోతే మేనేజర్ లేచి మాట్లాడతాడు. ఇది మన పొదుపు సంఘాల అక్కలు ఎప్పుడో నిరూపించినారు.

నాలుగు, అడగండి. మన జిల్లాలో ఎస్టీల పేరు మీద ఎన్ని యూనిట్లు మంజూరయ్యాయి, ఎన్ని తిరస్కరించారు, తనిఖీ చేసినప్పుడు యూనిట్ దగ్గర ఎవరున్నారు? సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. డిగ్రీలు చదివిన మనం ఆ ఒక్క కాగితం రాయలేమా?

మా అన్న ఇప్పుడు అద్దె ఆటో నడుపుతున్నాడు. రోజూ రాత్రి వచ్చి నోట్‌బుక్‌లో లెక్క రాస్తాడు. ఆ పాత బాకీ మీద బ్యాంకుకు, కలెక్టరేట్‌కు అర్జీలు పెట్టినాం, తిరుగుతున్నాం. పోయిన నెల కాలనీకి ఇంకొక మనిషి బైక్ మీద వచ్చినాడు, అవే కాగితాలతో. ఈసారి ఆయన చుట్టూ మా కాలనీ పిల్లోళ్లు పదిమంది నిలబడి ఒక్కటే అడిగినారు: "సార్, బండి తాళం ఎవరి దగ్గర ఉంటాది?"

ఆయన జవాబు చెప్పకుండా బైక్ తిప్పుకుని పోయినాడు.

మీ కాలనీలో కూడా ఆ ప్రశ్న అడగండి. అడిగినాక ఏం జరిగిందో మాకు రాయండి.

జై ఆదివాసీ!