చక్రాల కుర్చీ, పన్నెండు మెట్ల కిన్నెర

కొత్తకోటలో బస్సు కోసం చూస్తుంటే మిత్రుడొకడు వీడియో పంపాడు. 2022 నవంబరు. 87 ఏళ్ల సెయిజి ఒజావా చక్రాల కుర్చీలోంచే బేతోవెన్‌ని నడిపిస్తున్నాడు. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగామి కోసమట. "జబ్బు కూడా ఆపలేదు, కళంటే ఇదీ!" అని కింద వీడి వ్యాఖ్య.

ఒళ్లు మండింది. ఒజావా మీద కాదు, ఆ మెచ్చుకోలు మీద. ఆ కుర్చీ చుట్టూ ఆయన పెంచిన ఆర్కెస్ట్రా ఉంది, ఆయన పేరిట ఉత్సవం ఉంది. చెయ్యి కొంచెం కదిలితే చాలు, మిగతాది వాళ్లు అందుకుంటారు.

మరి ఇక్కడికి దగ్గర్లోనే, లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య? 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు విని ఊగిపోయాం. 2022లో పద్మశ్రీ, కోటి రూపాయల ప్రకటన. 2024లో హైదరాబాద్ శివార్లలో కూలిపని. అప్పుడూ మనం చేసింది వీడియో షేర్ చేయడమే. "పాపం, ఎంత పట్టుదల!" అట. పట్టుదలా నా మొహమా! అది గతిలేక చేసే పని.

సొరబుర్రలు, వెదురు, మైనం కలిసిన వాయిద్యం అది. ఏ మెట్టు మీద వేలెంత ఆనాలో ఆ చేతికే తెలుసు, నొటేషన్ లేదు. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడు మంచాన పడితే పక్కవాడుంటాడు. కిన్నెరకు పక్కవాడెవడు? నేర్చుకోడానికి వచ్చే ఒక్క పిల్లాడికి నెలజీతం ఎవరిస్తారని, చప్పట్లు కొట్టిన మనలో ఎవరం అడిగాం?